మేనత్త పోలిక

భోజనాల బల్ల మీద నుంచి ఆ గౌను తియ్యడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.

మా ఆయన పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టుకుని, నిలబడే రొట్టె తింటున్నారు. నేను నిలబడి కూడా తినలేదు. అమ్మాయి మాత్రం బల్ల ముందు కూర్చుని, మోచేతులు ఆ నీలం బట్ట మీద ఆనించి గోడకేసి చూస్తోంది.

పొద్దున్నే తొడుక్కుని చూసుకుంది. వెనక భుజాల కింద బట్ట మూటలా లేచింది. ముందు అంచు మోకాళ్ళ మీదికి ఎగిరి కూర్చుంది. విప్పి బల్ల మీద పడేసింది.

“పిచ్చుకా, ఒక్క ముక్క తిను,” అన్నారు మా ఆయన.

పుట్టినప్పుడు పిడికెడంత ఉందని ఆయన పెట్టిన పేరది. ఇప్పుడది గుమ్మంలో నిలబడితే గదిలో దీపం వెయ్యాల్సి వస్తుంది. అయినా పేరు పోలేదు.

“ఆకలి లేదు నాన్నా.”

“లేకపోవడమేంటే, రాత్రీ తినలేదు,” అన్నాను నేను. “కళ్ళు తిరిగి పడితే? పక్కనే కత్తెర ఉంది. దాని మీద పడితే?”

“కత్తెర మూసే ఉందమ్మా.”

“మూసిన కత్తెర తెరుచుకోదా?”

మా ఆయన నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగారు. ఆయనకేం, బస్సు నడిపే మనిషి. ముందున్న రోడ్డు ఒక్కటే చూస్తారు. పక్కసందుల్లోంచి ఏం వచ్చి పడుతుందో చూసే పని నాది.

అమ్మాయి పనిచేసే కుట్టు దుకాణంలో కత్తిరింపు బల్ల ఒక్కటే ఉంది. దాని వెనక ఉండే మాస్టరమ్మ చూపు మందగించి మానేస్తున్నారు. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. బల్ల కావాలన్న మనిషి తన ఒంటికి తానే కత్తిరించి కుట్టుకున్నది వేసుకొచ్చి అందరి ముందూ నిలబడాలి. మాస్టరమ్మ అలాగే నిలబడ్డారట, ఆవిడకి ముందున్నవాళ్ళూ అంతేనట. ఎదుటివాళ్ళ ఒంటిని దిద్దాలనుకునే మనిషి ముందు తన ఒంటిని ఒప్పుకోవాలని ఆవిడ మాట.

నిలబడాల్సింది రేపే.

చుట్టుపక్కల ఆడవాళ్ళ నడుములన్నీ మా అమ్మాయికి కంఠతా వచ్చు. తనకి మాత్రం ఇంతవరకూ ఒక్క జేబురుమాలు కుట్టుకోలేదు. వాళ్ళ నాన్న పాత చొక్కాలే దాని బట్టలు. పోటీకి నిలబడేది మరొక్కతే. సన్నగా ఉంటుందని దాన్ని అందరూ పుల్ల అంటారు. దానికి గోనెసంచికి చిల్లులు పెట్టి తొడిగినా అందంగానే ఉంటుంది. పోయిన వారం అదే అంది, పదిమందీ వింటుండగా. “పిచ్చుకా, నువ్వు గౌను కాదు, గుడారం కుట్టుకో.”

“కొలత ఎలా తప్పిందమ్మా నీకు?” అని అడిగారు మా ఆయన. “అందరికీ సరిగ్గా తీస్తావు కదా.”

“అందరికీ నేను తీస్తాను. నాకు నేనే తీసుకున్నాను. టేపు మెడ వెనక పట్టుకుని, అంకె చూడ్డానికి తల వంచాను. తల వంచితే వీపు సాగుతుంది, ఛాతీ ముడుచుకుంటుంది.” బట్ట మీద చేత్తో నిమిరింది. “వంగిన మనిషికి కుట్టాను నాన్నా. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే తప్పు ఇది.”

“నేను తీస్తానే కొలత,” అన్నాను.

“నువ్వు తీస్తే పాపం అని రెండంగుళాలు తగ్గించి చెప్తావు.”

అది నిజమే.

గోడ నిండా అది పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన బొమ్మలు. చేతులు నడుం మీద పెట్టుకున్నవాళ్ళు, మెట్లు దిగుతున్నవాళ్ళు, ఊరికే ఎటో చూస్తున్నవాళ్ళు. ఒక్కతెకీ పొట్ట లేదు. వాటిలో ఏదో ఒకటి చూసి కుడదామని మూడు వారాలుగా తంటాలు పడుతోంది. ఒకదాని కాలరు, ఇంకోదాని చేతులు తెచ్చి ఈ నీలం బట్టలో కలిపింది.

“వీళ్ళకి ఇంట్లో ఎవరూ తిండి పెట్టరేమో,” అన్నారు మా ఆయన బొమ్మలకేసి చూస్తూ.

అమ్మాయి నవ్వలేదు. “రేపు నేను వెళ్ళడం లేదు. జ్వరమని కబురు పంపండి.”

ఒక్క క్షణం నా ప్రాణం కుదుటపడింది. వెళ్ళకపోతే నవ్వేవాళ్ళుండరు. వెళ్ళకపోతే అది ఏడుస్తూ ఇంటికి రాదు. జ్వరమని పక్కింటి వాళ్ళతో ఎలా చెప్పాలో కూడా అప్పుడే అనుకున్నాను.

మా ఆయన పళ్ళెం కింద పెట్టారు. “అయితే రేపటి నుంచి ఆ పుల్ల కత్తిరించి పడేస్తుంది, నువ్వు తల వంచుకుని కుడతావు. అదేనా?”

గదిలో నలుగురున్నట్టు అనిపించింది, ఆ నాలుగోది ఆ గౌను.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

మా ఆడపడుచు, ఆయన అక్క, మా పై వాటాలో ఒక్కతే ఉంటుంది. సినిమా హాల్లో టిక్కెట్లిస్తుంది. కిటికీ కంతలోంచి జనానికి కనపడేది ఆవిడ ముఖమూ, వేళ్ళూ. అయినా రోజూ మెడ నుంచి మడమ దాకా తీర్చి దిద్దుకుని గానీ మెట్టు దిగదు. కింద ఎవరు చూస్తారని ఎవరో అడిగితే, కుర్చీ చూస్తుందని చెప్పిందట.

పోయిన ఆదివారం నుంచి ఆవిడ నాతో మాట్లాడడం లేదు. అది నా నోటి దురద వల్లే. మెట్ల కింద నిలబడి మా ఆయనతో అన్నాను, నా భయమంతా ఒక్కటేనండీ, ఇది అచ్చం మీ అక్కలా తయారవుతోంది అని. ఆవిడ మెట్ల పైనే ఉంది.

చప్పుడు మా గుమ్మం ముందు నుంచి ఆగకుండా వీధిలోకి వెళ్ళిపోయింది. అమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. రొట్టెల దుకాణానికి కాబోలు, వదిన సంచీ ఊపుకుంటూ నడుస్తోంది. ఎదురుగా వస్తున్న గడియారాల రిపేరు ఆయన పక్కకి జరిగి టోపీ తీశాడు.

“అమ్మా, అత్తని వెనక నుంచి ఎప్పుడైనా చూశావా?”

“వెనక నుంచి చూసే అవకాశం ఆవిడ ఎవరికిస్తుంది?”

“చూడు. నన్ను చూస్తే జనం తప్పుకుంటారు. అత్తకి దారి ఇస్తారు.”

నేను చూశాను. గోధుమరంగు గౌను. ఏముంది అందులో? పువ్వు లేదు, లేసు లేదు.

“భుజం నుంచి అంచు దాకా నిలువుగా ఒక కుట్టు ఉంది చూడు. నడుం దగ్గర బిగించలేదు, కొంచెం లోపలికి తీసి వదిలేశారు. చేతులు మణికట్టు దగ్గర సన్నం చేశారు.” అది కిటికీ అద్దానికి ముక్కు ఆనించేసింది. “నాకంటే లావు అత్త. అదే తుంటి, అదే వీపు. మూడు వారాలుగా గోడ మీద వెతుకుతున్నాను. నెత్తి మీద ఉన్న మనిషిని చూసుకోలేదు.”

“సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే,” అన్నారు మా ఆయన.

“నా వీపు నాకు కనపడదు నాన్నా. అత్త వీపు కనపడుతుంది. ఆవిడ ఒంటి మీద బట్ట పెట్టి గుండుసూదులు గుచ్చి చూసుకుంటే…” అంతలోనే ముఖం వాలిపోయింది. “బట్ట ఎక్కడుంది? ఇదంతా ముక్కలైంది.”

ఆయన లోపలికి వెళ్ళి పెట్టె తెరిచారు. డ్యూటీకి ఇచ్చిన కొత్త యూనిఫాం బట్ట, బూడిదరంగుది, మడత కూడా విప్పలేదు. తెచ్చి బల్ల మీద పెట్టారు.

“మరి మీకు?” అన్నాను. “మోచేతులు చిరిగిపోయాయి ఆ కోటుకి. పైవాళ్ళు చూసి ఉద్యోగం తీసేస్తే?”

“బస్సు మోచేతులతో నడపను కదే.” కూతురి వైపు తిరిగారు. “మీ అత్తని ఎవరు పిలుస్తారు?”

ఇద్దరూ నన్నే చూశారు.

*

వదిన రొట్టెలు కొనుక్కుని తిరిగొచ్చాక పైకి మెట్లు ఎక్కాను. తలుపు తీయకపోతే? తీసి ముఖం మీదే వేస్తే? చప్పుడు విని కింద వీధిలో నలుగురూ తలెత్తి చూస్తే?

తలుపు తట్టాను.

“ఎవరు?”

“నేనే వదినా.”

“నేనే అనేవాళ్ళు నాకెవరూ తెలీదు.”

“మీ మరదల్ని.”

“తలుపు తీసే ఉంది,” అంది.

సాయంత్రం ఆటకి వేసుకోవడానికి ఇంకో గౌను ఇస్త్రీ చేసుకుంటోంది. తల ఎత్తలేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఇస్త్రీపెట్టె కాలరు మీద ముందుకీ వెనక్కీ పోతోంది.

“అమ్మాయికేమైనా అయిందా?” అంది చివరికి.

“ఏమీ కాలేదు. రేపు అందరి ముందూ నిలబడాలి కదా, గౌను పాడైపోయింది. మళ్ళీ కుట్టుకోవాలి. మీరొకసారి కిందికి వస్తే మీ ఒంటి మీద బట్ట పెట్టి చూసుకుంటుందట.”

ఇస్త్రీపెట్టె ఆగింది. కాలిపోతుందేమోనని నా కళ్ళు గౌను మీదే ఉన్నాయి.

“నా ఒంటి మీదా?”

“అవును.”

“పోయిన ఆదివారం ఈ ఒంటిని చూసే కదా నీ భయం. ఇవాళ అదే ఒళ్ళు అరువు కావాలా?”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆ ఉద్దేశంతో అనలేదనో, నా మాట తీరే అంతనో. ఆవిడ తలెత్తి నన్ను సూటిగా చూసింది.

“కావాలి వదినా,” అన్నాను.

ఆవిడ ఇస్త్రీపెట్టె తీగ పీకింది.

“వస్తాను. ఒక్క షరతు. నువ్వు ఆ గదిలోనే కూర్చోవాలి. నేనెన్ని అంగుళాలో అది చెప్తుంటే నీ చెవులతో నువ్వు వినాలి.”

*

విన్నాను. అమ్మాయి టేపు చుట్టి అంకె మెల్లగా చెప్తే, “గట్టిగా చెప్పవే, మీ అమ్మకి వినపడలేదు,” అనేది ఆవిడ. తుంటి కొలత రెండుసార్లు చెప్పించింది.

తర్వాత బూడిదరంగు బట్ట ఆవిడ భుజం మీద నుంచి జారవిడిచి అమ్మాయి గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టింది. నోట్లో నాలుగు సూదులు పట్టుకుని పనిచేస్తుంది అది. తుమ్మొస్తే ఏమవుతుందో అని నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

“అత్తా, మాట్లాడకు. మాట్లాడితే భుజం కదులుతోంది.”

నోట్లో నువ్వుగింజ నాననివ్వని మనిషి, చాలాసేపు బిగుసుకుని నిలబడింది. నా కాపురంలో ఆవిడ అంత నిశ్శబ్దంగా ఉండడం అప్పుడే చూశాను. మా ఆయన తలుపు సందులోంచి, “అక్క బతికే ఉందా?” అని అడిగి వెళ్ళారు. ఆవిడ కళ్ళతోనే ఆయన్ని తిట్టింది.

అమ్మాయి వెనక్కి జరిగి నిలబడింది. అత్త వీపుని చూస్తోంది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది.

“నేను వెనక నుంచి ఇలా ఉంటానా?” అంది.

“ఎలా?” నేను కంగారుగా అడిగాను.

“బాగానే ఉంటానే.”

ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. వదిన పెదవులు కదిలాయి, కానీ భుజం కదపలేదు.

సూదులు కాస్త తీసి ఊపిరి పీల్చుకోనిచ్చినప్పుడు ఆవిడ అంది. “నీ జబ్బేంటో చెప్పనా? ఒళ్ళు దాచాలని కుడుతున్నావు. దాచిపెట్టిందేదైనా మూటలాగే కనపడుతుంది. నాకు కుట్టడం రాదు, నా సంగతి నాకు తెలుసు, అంతే. నా మెడ బాగుంటుంది, మణికట్టు బాగుంటుంది. చూసేవాళ్ళని ముందు అక్కడ కూర్చోబెడతాను. మిగతా ఇల్లు తర్వాత చూసుకుంటారు. ముగ్గురు దర్జీలు నా పోరు పడలేక పారిపోయారు, నాలుగోవాడికి అర్థమైంది. నీకేం బాగుంటుంది?”

“ఏమో.”

“ఏమో అంటే ఏం కుడతావే?”

అమ్మాయి తల దించుకుని సూదులు ఏరుతోంది. దానికి తట్టలేదని కాదు. వెతకడానికే సిగ్గుపడుతోంది.

“భుజాలు,” అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

“చిన్నప్పుడు స్నానం చేయించేటప్పుడు చూసేదాన్ని. నిండుగా, నున్నగా, వెడల్పుగా ఉంటాయి దాని భుజాలు. వాటిని వాళ్ళ నాన్న చొక్కాల్లో పడేసి వేలాడేస్తుంది. కొక్కేనికి కోటు తగిలించినట్టు.”

వదిన దాని చొక్కా కాలరు వేలితో పక్కకి లాగి చూసింది. తన భుజం చూసుకుంది. తర్వాత నా భుజాలు చూసింది, ఇన్నేళ్ళలో మొదటిసారి చూసినట్టు.

“ఇవి మా పోలిక కావే,” అంది. “నావి ఇరుకు. ఇవి మీ అమ్మవి.”

అమ్మాయి సుద్దముక్క తీసుకుంది. మెడ దగ్గర గీసిన గీత చెరిపేసి ఇంకా వెడల్పుగా, భుజం చివర దాకా గీసింది.

“అంతా?” నాకు మళ్ళీ భయమేసింది. “జలుబు చేస్తుందే. గాలి కొడుతుంది. జారితే?”

“మరదలా, ఇప్పటిదాకా బాగానే మాట్లాడావు,” అంది వదిన. “అక్కడితో ఆపు.”

*

పొద్దు వాలేసరికి మళ్ళీ విప్పుకునేలా కచ్చా కుట్టు వేసి అమ్మాయి తొడుక్కుంది. కుదరలేదు. మెడ ముందుకి వేలాడింది, ఛాతీ దగ్గర బట్ట కుప్ప పడింది.

వదిన అప్పటికే ఆటకి ఆలస్యమవుతోందని చెప్పులు వేసుకుంటోంది. గుమ్మం దగ్గర ఆగింది.

“నిలబడు.”

“నిలబడే ఉన్నాను కదత్తా.”

“అది నిలబడడం కాదు, క్షమాపణ అడగడం. తల ఎత్తు.”

అమ్మాయి తల ఎత్తింది. భుజాలు వెనక్కి పోయాయి. బట్ట ఎవరో కింద నుంచి పట్టి లాగినట్టు ఒంటి మీద సర్దుకుంది. మెడ దగ్గర మాత్రం ఇంకా కొంచెం తేడా ఉంది. అది తన చేత్తో తడిమి చూసుకుని, “ఇక్కడి నుంచి నా పని,” అంది. మెషీను తీసుకుని గది తలుపు వేసుకుంది.

ఏం విప్పిందో, ఏం మళ్ళీ కుట్టిందో మేం చూడలేదు. పొద్దున్న తలుపు తీసుకుని బయటికొచ్చింది. బూడిదరంగు గౌను. భుజాల దగ్గర తెరుచుకుని, అక్కడి నుంచి నిలువుగా రెండు కుట్లు దిగి, నడవగానే అంచు అలలా కదిలింది. మా ఆయన చూశారు. ఆయన నోటి నుంచి పరిహాసం రాలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

*

దుకాణంలో బేరానికొచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాను. రావద్దంది అమ్మాయి, నేను వినలేదు.

ముందు పుల్ల నిలబడింది. ఎర్ర గౌను. వంక పెట్టడానికి లేదు. కుట్టేవాళ్ళంతా మెషీన్లు ఆపి మెచ్చుకున్నారు. మాస్టరమ్మ అంచు తిరగేసి వేళ్ళతో తడిమి, సరే అన్నారు.

తర్వాత మా అమ్మాయి. ఎవరూ మెచ్చుకోలేదు, నవ్వలేదు. చివరి మెషీను దగ్గరున్న ఆవిడ పక్కదాని మోచెయ్యి పొడిచి, “ఇది పిచ్చుకేనా?” అంది, అంతే.

మాస్టరమ్మ దగ్గరికి వచ్చారు. భుజం కుట్టు మీద వేలు పెట్టి నడుం దాకా తీసుకెళ్ళారు. వీపు మీద అరచెయ్యి ఆనించారు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“కుట్టు నీదే. కత్తిరింపూ నీదే. ఈ వీపు మాత్రం ఒంటరిగా ఎవరూ కత్తిరించుకోలేరు. ఎవరి ఒంటి మీద పెట్టి గుచ్చావు?”

నా ఒంటి మీదేనండీ అని చెప్పవే తల్లీ, అనుకున్నాను లోపల. అద్దంలో చూసుకున్నానని చెప్పు. ఏదో ఒకటి చెప్పు.

“మా మేనత్త ఒంటి మీదండి,” అంది అమ్మాయి.

“అయితే అది వాళ్ళత్త గౌను కదండీ,” అంది పుల్ల. దాని గొంతులో వెటకారం కూడా లేదు, అందుకే ఇంకా భయమేసింది. “తన ఒంటికి కత్తిరించుకోవాలని కదా పద్ధతి.”

మెషీన్ల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. మాస్టరమ్మ చెయ్యెత్తి ఆపారు.

“తేల్చడం తేలికే. మీ అత్తని తీసుకురా. ఇదే గౌను ఆవిడ వేసుకుని ఇక్కడ నిలబడాలి. ఆవిడకి కుదిరితే నువ్వు ఆవిడకి కుట్టినట్టు. కుదరకపోతే నీకు కుట్టుకున్నట్టు, బల్ల నీదే. మధ్యాహ్నం లోపల రండి.”

వీధిలోకి రాగానే దాని చెయ్యి పట్టుకున్నాను. “ఆవిడకి కుదురుతుందంటావా?”

“కుదరదమ్మా. రాత్రంతా మెడ నా భుజాలకి సరిచేసుకున్నాను. అత్తకి జారిపోతుంది. టక్కులు మార్చాను, ఛాతీ దగ్గర పట్టేస్తుంది.” రెండడుగులు వేసి ఆగింది. “చాలా వికారంగా ఉంటుంది. అందరూ నవ్వుతారు.”

బల్ల దక్కుతుందన్న సంతోషం దాని ముఖంలో లేదు. నాకూ లేదు. ఇస్త్రీ చెయ్యకుండా చెత్త పారబొయ్యడానికి కూడా దిగని మనిషి ఆవిడ. అలాంటి మనిషిని పదిమందిలో నవ్వులపాలు కమ్మని ఏ నోటితో అడగాలి?

నోరు అమ్మాయిదే అయింది. పైకి వెళ్ళి, దాచకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. జారుతుందని, పట్టేస్తుందని, నవ్వుతారని. వద్దంటే వద్దు అని కూడా అంది.

వదిన కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడిస్తూ నా వైపు చూసింది.

“నువ్వేమంటావు మరదలా?”

నా కూతురి కోసం రండి వదినా అనాలి, ఆవిడ కోసం వద్దు వదినా అనాలి. రెండూ ఒకే గొంతులో ఉంటే మాట ఎలా వస్తుంది? తల దించుకున్నాను.

“సరే,” అంది ఆవిడ లేచి. “నవ్వితే నవ్వనీ. ఈ ఒళ్ళు ఒక్కసారైనా ఎవరికో పనికొచ్చిందంటారు. విప్పి ఇవ్వవే.”

అమ్మాయి గౌను విప్పి ఇచ్చి, అత్త దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంది. ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు జేరవేసింది. బట్ట గరగరలాడిన చప్పుడు. ఒక విసుగు. మళ్ళీ చప్పుడు లేదు.

తలుపు తెరుచుకుంది.

మెడ జారింది. అమ్మాయి చెప్పినట్టే ఎడమ భుజం మీద నుంచి పూర్తిగా జారింది. ఆవిడ దాన్ని పైకి లాక్కోలేదు. జారడానికే అలా కత్తిరించారన్నట్టు తల కొంచెం పక్కకి తిప్పి, ఆ పొడుగాటి మెడ వెలుతురులో పెట్టి నిలబడింది. ఛాతీ దగ్గర పట్టేసిన చోట ఊపిరి పీల్చి వదిలింది. బట్ట ఆవిడ మాట విన్నది. ఇంతకంటే బాగా ఆవిడకి ఏ దర్జీ కుట్టలేదనిపించింది.

“చెప్పండి,” అంది, మా ఇద్దరినీ చూస్తూ. “ఎంత వికారంగా ఉన్నాను?”

అమ్మాయి దుప్పటి లోంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

“అమ్మా,” అంది నాకు మాత్రమే వినపడేలా. “అత్తకి కుదిరింది.”